గూటికి కావలి

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి మెట్టపైరుల సీమ. వేరుసెనగ చేలు, జొన్న చేలు, చెరువుల క్రింద వరిమళ్లు, నడుమ నడుమ పాత మోటబావులు ఇచ్చటి పల్లెల సంపద. గింజ యున్నచోటికి ఎలుక వచ్చును. ఎలుక వెంట జెర్రిపోతు వచ్చును. ఆ గింజ కొరకే పిచ్చుకయు వచ్చును. కావున ఇచ్చట పక్షికి గూడు అమర్చు ప్రతివాడును, తెలిసియో తెలియకయో, పాము తిరుగు త్రోవలోనే దానిని అమర్చుచున్నాడు.

ఈ సంగతిని మనుష్యునికంటె ముందు గిజిగాడు గ్రహించినది. వానకాలము రాగానే మగపక్షి వరి ఆకులను, గడ్డి ఆకులను సన్నని పీలికలుగ చీల్చి తెచ్చి, బావిమీదికి వంగిన ఈతమట్ట చివరనో తుమ్మకొమ్మ కొననో గూడు అల్లును. ఒక గూటికి అది చేయు రాకపోకలు కొన్ని వందలు. గూటి ద్వారము క్రిందివైపున పొడవైన గొట్టమువలె వ్రేలాడుచుండును. పాము మట్ట కొసవరకు వచ్చినను, ఊగుచున్న గూటిమీద తలక్రిందులుగ దిగి ఆ గొట్టములో దూరవలెను. పట్టు తప్పినచో నీటిలో పడును. పడిన పాము ఈదిపోవును గాని, ఆ పూటకు గ్రుడ్లు దక్కినట్లే. ఇంత చేసినను పాము ఒక్కొక్కప్పుడు గెలుచును. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930లో బొంబాయికి దక్షిణమున నున్న కిహిం గ్రామమున గిజిగాళ్ల కాపురములను నెలల తరబడి పరిశీలించెను. సగము అల్లిన గూటిని ఆడుపక్షి వచ్చి చూచి, దానికి నచ్చిన తరువాతనే మగది మిగిలిన భాగమును పూర్తిచేయునని ఆయన కనుగొనెను. ఇల్లు చూడకుండ పెండ్లికి ఒప్పుకొనని వివేకము ఆ పక్షిది!

ఊరపిచ్చుకకు ఆ నేర్పు లేదు. అది మనుష్యుని ఇంటి సందులనే నమ్ముకొన్నది. పూర్వము పాలమూరు పల్లెలలోని మట్టిమిద్దెలలో దూలముల నడుమ, గోడల బొరియలలో దానికి చోటుండెడిది. సిమెంటు కప్పులు వచ్చిన పిదప ఆ సందులు మూసుకొనిపోయినవి. అందుచేత పిచ్చుకపై ప్రేమ గలవారు కొయ్యపెట్టెలు చేయుట, చిన్న కుండకు రంధ్రము చేసి చూరున వ్రేలాడగట్టుట ఆరంభించిరి. 2010 నుండి మార్చి 20వ తేదీ ప్రపంచ పిచ్చుకల దినముగ జరుగుచుండుటచే పాఠశాలల పిల్లలును ఇట్టి పెట్టెలు చేయుచున్నారు. ప్రయత్నము మంచిదే. కాని పెట్టెను ఎక్కడ కట్టుచున్నామని ఆలోచించువారు తక్కువ. వేపచెట్టు మొదటికి మేకు కొట్టి తగిలించిన పెట్టె చూచుటకు అందముగ నుండును. పామునకు అది మెట్లున్న వంటయిల్లు. పైగా పెట్టెకు ఒక్కటే ద్వారము. ఆ ద్వారమున పాము తల కనబడినప్పుడు లోపలి తల్లికిని పిల్లలకును పోవుటకు వేరొక దారి లేదు. రక్షణకై కట్టిన పెట్టె బోనగును. గూడు కట్టి యిచ్చువాడు కావలి పనిని గూడ తనపై వేసికొనుచున్నాడు.

కావలి కాయుటకు ముందు దొంగ నడక తెలియవలెను. జెర్రిపోతు విషము లేనిది, రెండు మీటర్లకు మించి పెరుగును, పగటిపూట తిరుగును, చెట్లెక్కుటలో దిట్ట. పాము కడుపుక్రింద అడ్డముగ పరచుకొన్న వెడల్పైన పొలుసులుండును. వాని అంచులను బెరడు గరుకునకు ఆనించి, ఒంటిని మడతలుగ ముడిచి, ముందుభాగమును చాచి, వెనుకభాగమును లాగికొనుచు అది పైకి ప్రాకును. నాలుకతో వాసనను పసిగట్టును. మేత తెచ్చు తల్లిదండ్రుల రాకపోకలును దానికి గుర్తులే కావచ్చును. పిల్లలు గూటిలోనుండు రెండు వారములు మిక్కిలి అపాయకాలము. ద్వారమును చిన్నది చేసిన చాలునని కొందరందురు. ఊరపిచ్చుకకు 32 మిల్లీమీటర్ల రంధ్రము చాలును. గోరింక అందులో దూరలేదు. కాని పిచ్చుక దూరిన చోట సన్నని పాము దూరకుండునా?

పాము పట్టంతయు గరుకుమీద ఆధారపడినది. కావున ఆ గరుకు లేకుండ చేయుటయే ఉపాయము. పెట్టెను చెట్టుకు గాక, విడిగ పాతిన ఇనుపగొట్టముపై నిలుపవలెను. గొట్టము సన్ననిదైనచో పాము చుట్టుకొని ఎక్కును. అందుచే దానికి జానెడు వెడల్పు, రెండు మూడడుగుల పొడవు గల రేకు గొట్టమును తొడిగి, పైమూతిని మూసివేయవలెను. కోస్తా జిల్లాలలో ఎలుకలు ఎక్కకుండ కొబ్బరిచెట్లకు రేకు చుట్టుట చూచినవారికి ఇది క్రొత్త కాదు. అయితే కొబ్బరి రేకు చెట్టును అంటియుండును. ఈ రేకు లోపలి గొట్టమునకు ఎడముగ వ్రేలాడుచు, కొంచెము ఊగుచుండవలెను. దాని క్రింది అంచు మనుష్యుని నడుము ఎత్తున నుండవలెను. క్రిందినుండి వచ్చిన పాము రేకు లోపలికి పోయి, మూతకు తల తగిలి, వచ్చిన దారినే దిగును. నూనెడబ్బా రేకుతో ఊరి రేకుల పనివాడు దీనిని చేసియిచ్చును. పాము తన ఒంటిలో కొంతభాగమును గాలిలోనికి చాచి సందును దాటగలదు. కావున పెట్టెకు రెండు బారల లోపల గోడగాని కొమ్మగాని ఉండరాదు.

ఇతర చిట్కాలకు లోటు లేదు. కొందరు కలరా ఉండలు పెట్టుదురు; గంధకము చల్లుదురు. పరీక్షించి చూచినవారికి పాములు వానిని లక్ష్యపెట్టినట్లు కనబడలేదు. కొందరు గొట్టమునకు గ్రీజు పూయుదురు. ధూళి పడగానే అది గరుకెక్కును. పిచ్చుక ఈకలకు అంటినచో మరి వదలదు. అన్నిటికంటె క్రూరమైనది వల. చెట్టుచుట్టు కట్టిన సన్నని నైలాను వలలో పాము సగము దూరి, పొలుసులు చిక్కుకొని, ముందునకును వెనుకకును పోలేక ఎండలో చచ్చును. ఒక్కొక్కప్పుడు కాపాడదలచిన పక్షియే అందు చిక్కును.

అయితే రేకు ఎల్లప్పుడును గెలుచునా? పసిఫిక్ మహాసముద్రములోని గువాం ద్వీపమునకు రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఓడల సరకుతోపాటు గోధుమవన్నె చెట్టుపాము చేరినది. ఆ ద్వీపపు పక్షులు అట్టి శత్రువును ఎరుగవు. కొన్ని దశాబ్దములలో అచ్చటి అడవిపక్షులు దాదాపు అన్నియు నశించినవి. దీనికి పామే కారణమని జూలీ సావిడ్జ్ అను శాస్త్రవేత్త 1987లో నిరూపించెను. మిగిలియున్న ఒక జాతి గోరింకల పెట్టెలను కాపాడుటకై పరిశోధకులు కంబమునకు మూడడుగుల రేకు గొట్టము తొడిగి చూచిరి. పాము ఆ గొట్టము చుట్టును తన ఒంటిని ఉచ్చువలె బిగించి, జారుచు, అలసి ఆగుచు, కొంచెము కొంచెముగ పైకెక్కిపోయెను! 2021లో ప్రకటింపబడిన ఈ నడకను అంతకుముందు శాస్త్రజ్ఞులెవరును వర్ణించియుండలేదు. పాము చుట్టునకు అందనంత లావుగ రేకు ఉండవలెనని దీనివలన తెలియుచున్నది.

గువాంలో పాము పరాయిది. పెద్దమందడిలో జెర్రిపోతు పరాయిది కాదు. వేరుసెనగ కాయలను బొరియలకు మోసికొనిపోవు ఎలుకలను, రైతు నిద్రించుచుండగ – కాదు, పట్టపగలు అతడు మేలుకొని యుండగనే – అది తిని బ్రదుకుచున్నది. నాగుపామని భ్రమపడి దానిని కర్రలతో కొట్టి చంపుట పల్లెలలో నేటికిని మానలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. చట్టము మాట అటుంచినను, గూటి దగ్గర పామును చంపినవాడు నాలుగు గ్రుడ్లను కాపాడి, గాదెను ఎలుకలకు అప్పగించుచున్నాడు. రేకు తగిలిన పాము ఆకలితో వెనుకకు దిగి, చేనిగట్టు మీది బొరియలవైపు పోవును.

పిల్లలు ఎగిరిపోయిన తరువాత పెట్టెను దులిపి, పాత గడ్డిని తీసి దూరముగ పారవేయవలెను. ప్రతి సంవత్సరము వానకాలమునకు ముందు రేకును తడవి చూడవలెను. తుప్పుపట్టినచోట పామునకు మరల పట్టు దొరకును. పెరటి చిక్కుడుతీగ ఒక్క నెలలో గొట్టముపైకి ప్రాకి దానికి నిచ్చెన వేయును. కొమ్మయు అట్టిదే. నిరుడు దూరముగ నున్న వేపకొమ్మ ఈ ఏడు పెట్టె కప్పునకు మూరెడు దూరమునకు వచ్చియుండును.