పెద్ద హాలు, పది లక్షల లెక్క

స్పీకర్లకు పది లక్షలు కేటాయిద్దామనుకున్న రోజు ముందుగా చూసింది వడ్డీ లెక్క. ఏడు శాతం మీద ఎఫ్‌డీలో ఉంటే ఆ డబ్బు ఏడాదికి 70 వేలు తెస్తుంది. పన్ను సంగతి పక్కన పెడితే, నెలకు 5,800 వదులుకుని పాటలు వింటామన్నమాట. రోజూ గంటసేపు కూర్చునే అలవాటుంది కాబట్టి గంటకు రెండొందల లోపే. ఇది మాకు సమ్మతమే. ఈఎంఐ మాత్రం వద్దనుకున్నాం. ఏటా విలువ తరిగే వస్తువుకు ఎదురు వడ్డీ కట్టడం దండగ.

మా మేడమీది హాలు పొడవు 24 అడుగులు, వెడల్పు 18, ఎత్తు 11. స్పీకర్లకూ సోఫాకూ మధ్య పదిహేనడుగుల పైనే దూరం. ఇంత గదిలో ముందు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత శబ్దం చేస్తుందో. అది మూడు డెసిబెల్స్ తగ్గితే అంతే శబ్దానికి ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి. పది తగ్గితే పది రెట్లు.

వడపోతలో చివరికి రెండు మిగిలాయి: కెఫ్ ఆర్11 మెటా, క్లిప్ష్ ఫోర్టే 4. కంపెనీ అంకెల్లో మొదటిది 90 డెసిబెల్స్, రెండోది 99. క్లిప్ష్ లెక్కలో గది ఇచ్చే సాయం కూడా కలిసి ఉంటుంది. అందుకని మూడు తీసేసినా ఆరు తేడా, అంటే నాలుగింతల పవర్. ఒకదానికి 200 వాట్లు కావాల్సిన చోట రెండోదానికి 50 చాలు. ఆ తేడా ఆంప్లిఫయర్ బిల్లులో తేలుతుంది.

'గీతాంజలి' సినిమా పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి రెండింటి మీదా విన్నాను. గొంతు కెఫ్‌లో ఇంకాస్త సహజంగా ఉంది. ఇళయరాజా బేస్ గిటార్ ఫోర్టేలో నిండుగా పలికింది. చెవి రెండింటికీ చెరో ఓటు వేసింది. తూకం మొగ్గింది మా ఆవిడ ప్రశ్నతో: "రేపు అమ్మితే ఎంతొస్తుందో కనుక్కున్నారా?" అప్పుడే వారంటీ ఇండియాలో చెల్లుతుందా, స్పీకర్ లోపలి డ్రైవర్ పోతే విడిగా దొరుకుతుందా అని ఇద్దరు డీలర్లనూ రాతపూర్వకంగా అడిగాను. ఫోర్టే డీలర్ సమాధానమే సూటిగా వచ్చింది, దాన్నే తీసుకున్నాం.

ఇక గది. హాల్లో చప్పట్లు కొడితే టైల్స్‌కీ సీలింగ్‌కీ మధ్య రేకు మీద గులకరాళ్లు దొర్లినట్టు మోగేది. 24 అడుగుల పొడవున్న గదిలో 23, 47 హెర్ట్జ్‌ల దగ్గర బేస్ పోగవుతుంది. స్పీకర్ ఎంత ఖరీదైనదైనా ఇది తప్పదు. సోఫాను వెనక గోడ నుంచి నాలుగడుగులు ముందుకు జరిపాం, పైసా ఖర్చు లేకుండా మోత బాగా తగ్గింది. తర్వాత దళసరి కర్టెన్లు, తివాచీ, మూలల్లో రాక్‌వూల్ నింపి వడ్రంగి చేసిచ్చిన ఫ్రేములు.

చివరి పంపకం ఇది: స్పీకర్లకు ఆరు లక్షలు, ఆంప్లిఫయర్‌కు లక్షన్నర, గదికి లక్ష. మిగిలిన లక్షన్నర తిరిగి ఎఫ్‌డీలోకి. అట్టపెట్టెలు, బిల్లులు అటక మీద భద్రంగా ఉన్నాయి. రోజూ వినే గంట వారానికో గంటకు పడిపోయిన ఏడాది, మోడల్‌కు గిరాకీ ఉండగానే అమ్మకానికి పెడతాం.