చక్రాల ఇంట్లో చుట్టరికం

జూన్ నుంచి ఆగస్టు వరకు ఆస్ట్రేలియాలో చలికాలం. దక్షిణాన మెల్‌బోర్న్ చలికి ముడుచుకొని ఉంటే, ఉత్తరాన క్వీన్స్‌లాండ్ తీరంలో నులివెచ్చని ఎండ కాస్తూ ఉంటుంది. ఆ రోజుల్లోనే ఉద్యోగ విరమణ చేసిన దంపతులెందరో కారుకు కారవాన్ తగిలించుకొని ఉత్తరానికి బయలుదేరుతారు. పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉన్న చిన్న ఇల్లది.

బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్ వరకు బ్రూస్ రహదారి దాదాపు 1,700 కిలోమీటర్లు. రాక్‌హాంప్టన్ వద్ద మకరరేఖ దాటితే ఉష్ణమండలం. మెకాయ్ పరిసరాల్లో ఎటు చూసినా చెరకు తోటలే. సముద్రం మనోహరంగా ఉంటుంది. కాని ఉత్తర తీరంలో మొసళ్ళుంటాయి, హెచ్చరిక పలకలు చదవకుండా నీళ్ళలో దిగరాదు.

ఈ దారిలో కొందరికి ఒక ఊళ్ళో కూతురు, మరో ఊళ్ళో తమ్ముడు ఉంటారు. వారికోసం పిల్లల గది ఖాళీ చేయించనక్కరలేదు. పెరట్లో కారవాన్ నిలిపి, పగలు మనవలతో గడిపి, రాత్రి తమ పడక మీదే నిద్రిస్తారు. ఆతిథ్యమిచ్చేవారిని ఇబ్బంది పెట్టరాదని మన ధర్మం అతిథికి నేర్పిన మర్యాద కూడా ఇదే.

వయసు పైబడేకొద్దీ దగ్గరి ఊరు కూడా దూరమవుతుంది. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే, పిలుపు కోసం ఎదురుచూడకుండా వెళ్ళి, అయినవారికి సలాం చెప్పి రావాలి.