పాలకొల్లు మాండొలిన్

మా మురమళ్ళలో వీరేశ్వరస్వామికి రోజూ రాత్రి కల్యాణం. ఆ కల్యాణపు సన్నాయీ డోలూ వింటూ పెరిగిన చెవి నాది. అందుకేనేమో, మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలో మృదంగం పక్కన డోలు కూడా మోగితే ప్రాణం లేచొచ్చేది.

గోదావరి పాయ వశిష్ఠ దాటితే పాలకొల్లు. 1969లో ఆయన పుట్టింది అక్కడే. మాండొలిన్‌కి ఉండే జంట తీగల బదులు ఐదు విడి తీగలు పెట్టుకుని, దానికి కరెంటు జోడించారు. గమకం పలకదనుకున్న వాద్యం మీద ఎడమచేతి వేలు అలా జారుతుంటే స్వరం గొంతులోంచి వచ్చినట్టే సాగేది. నేను ఆ వేలే చూస్తూ కూర్చునేవాణ్ణి. ముఖంలో శ్రమన్నది లేదు, చిన్న నవ్వంతే.

రాక్ అంటే చెవి కోసుకునే కుర్రాళ్ళు జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ కోసం ‘రిమెంబర్ శక్తి’ బృందాన్ని వినడం మొదలుపెట్టి, మన శ్రీనివాస్ దగ్గర ఆగిపోవడం నేనెరుగుదును. జాకీర్ హుస్సేన్ తబలా తరుముతుంటే ఈయన తొణక్కుండా జవాబిచ్చేవారు. నాకైతే ఆ వేగం కన్నా, ఆలాపనలో నింపాదిగా నిలబెట్టిన ఒక్క షడ్జమే ఎక్కువ.

2014 సెప్టెంబరు 19న వెళ్ళిపోయారు, 45 ఏళ్ళకే. గోదావరి జిల్లాల్లో సంగీతం నేర్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆయన కచేరీ ఒక్కటైనా మధ్యలో ఆపకుండా వినిపించాలని నా పట్టు.