నాకు దారి తెలిసిన నగరం

పాఠకులు నమ్మకపోవచ్చు గానీ, చూపు పూర్తిగా పోయిన రెండేళ్ళకు నేను ఒక నగరమంతా ఒంటరిగా తిరిగాను. గుడి మెట్లు దిగాను. అంగళ్ళలో రొట్టె కొన్నాను. ఊరి వెలుపలి అడవిలో దారి తప్పి, తిరిగి ఇల్లు చేరుకున్నాను. ఆ నగరం పేరు మిడ్‌గార్డ్. ఏ భూగోళ పటంలో వెదకినా అది దొరకదు. అది కేవలం వాక్యాలతో కట్టిన నగరం.

నా వ్యాధి పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. వెలుగును గ్రహించే కంటి పొర క్రమక్రమంగా క్షీణించిపోతుంది. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. మొదట రేచీకటితో ఆరంభమవుతుంది. తరువాత చుట్టుపక్కల దృశ్యం చెరిగిపోతూ వచ్చి, గొట్టంలో నుండి చూస్తున్నట్లు మధ్య భాగం మాత్రం మిగులుతుంది. నాకు ఆ కాస్త కూడా 2008లో, నలభై నాలుగవ యేట, మిగలకుండా పోయింది. అప్పటికి ఇరవై సంవత్సరాలుగా ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. దీర్ఘకాలపు సెలవు పెట్టి ఇంటిపట్టున కూర్చున్నాను.

చూపు పోవడం కన్నా నన్ను ఎక్కువగా కుంగదీసినది ఇంట్లోవారి ప్రేమ. దాహం వేస్తే నేను లేవకముందే మంచినీళ్ళ గ్లాసు చేతికి వచ్చేది. గడప దాటాలంటే నా భార్య చేయి పట్టుకోవలసిందే. “ఏమండీ, మెట్టు ఉంది, జాగ్రత్త” అనే మాట రోజుకు ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆమె చెప్పకపోతే పడిపోయేవాణ్ణే. అయినా చెప్పినందుకు విసుక్కునేవాణ్ణి. ఆమె ఒక్కనాడూ తిరిగి విసుక్కోలేదు. అది నన్ను మరింత బాధించేది.

2010 వేసవి సెలవులకు వచ్చిన మా అబ్బాయి, తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే ప్రోగ్రామును ఇంటి కంప్యూటరులో అమర్చాడు. దానిని 2006లో రాయడం మొదలుపెట్టిన మైఖేల్ కర్రన్, అతనితో చేతులు కలిపిన జేమ్స్ టే ఇద్దరూ అంధులైన ఆస్ట్రేలియా యువకులే. తమ వంటివారందరికీ దానిని ఉచితంగా అందజేశారు.

“నాన్నా, బొమ్మలు లేని ఆట ఒకటి ఉంది. అన్నీ మాటలే. ఒకసారి ఆడి చూడు” అన్నాడు మా అబ్బాయి.

ఇటువంటి ఆటలను ‘మడ్’ అంటారు. పలువురు కలిసి సంచరించే నేలమాళిగ అని ఆ పొట్టి పేరుకు అర్థం. మొట్టమొదటిదానిని 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ప్రారంభించగా, అతని సహాధ్యాయి రిచర్డ్ బార్టిల్ కొనసాగించాడు. నేను ఆడినది, డెన్మార్కులోని కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు అయిదుగురు 1990–91లో నిర్మించిన ‘డికూమడ్’ సంతతిలోనిది. ఆ సంతతికి చెందిన ఆటలలో చాలావాటికి మిడ్‌గార్డే ముఖ్యపట్టణం.

ఆడే విధానం కష్టమైనదేమీ కాదు. మీరు ఒక గదిలోనో వీధిలోనో ఉంటారు. అది ఎలా ఉందో నాలుగు వాక్యాలలో తెలుస్తుంది. ఏయే దిక్కులకు దారి ఉందో, అక్కడ ఇంకా ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. ఉత్తరానికి వెళ్ళాలంటే ఆ దిక్కు తొలి అక్షరం కొడితే చాలు, మరొక చోటు వర్ణన వస్తుంది. అక్కడ ఒక గంట అంటే మన డెబ్బై అయిదు సెకండ్లు. అరగంటకు ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోతాయి. మీ వీరునికి ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది. ఎదురుపడిన మనుషులలో కొందరు ఆట కల్పించినవారు. కొందరు ఏదో దేశంలో మీలాగే కుర్చీలో కూర్చుని ఆడుతున్నవారు.

మొదటిరోజు నాకు రొట్టెల దుకాణం దొరకలేదు. ‘నీకు ఆకలిగా ఉంది’ అని కంప్యూటరు గొంతు హెచ్చరిస్తూనే ఉంది. ఇక్కడ మా ఆవిడ వడ్డించిన అన్నం చల్లారిపోతూ ఉంటే, నేను అక్కడ రొట్టె కోసం వీధులు పట్టి తిరుగుతున్నాను! రెండవరోజుకు దారి కంఠస్థమయింది. గుడి మెట్లు దిగితే చౌకు. దక్షిణానికి వెళ్తే అంగడి చౌకు. అక్కడినుండి పడమరకు ఒకసారి, ఉత్తరానికి ఒకసారి. రొట్టె కొని తిన్నప్పుడు నేను పొందిన తృప్తి ఇంత అని చెప్పలేను. రెండేళ్ళలో ఎవరి చేయీ పట్టుకోకుండా నేను చేరుకున్న మొదటి చోటు అది.

నేను అంధుణ్ణని అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. చూపున్నవాడూ, లేనివాడూ ఆధారపడేది ఒకే వాక్యం మీద. ఇక్కడ అందరికీ జాలి కలిగించే మనిషిని. అక్కడ నలుగురిలో ఒకణ్ణి. ఆ సమానత్వాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒక రాత్రి నలుగురం కలిసి నగరం కింది మురుగు కాలువలలోకి దిగాము. అంగడి చౌకుకు దక్షిణంగా పోతే చెత్త కుప్పలు. అక్కడినుండి కిందికి దారి. అది మలుపుల మయం. దీపం తెచ్చినవాడు మాలో ఒక్కడే. ఆ ఆటలో దీపం కూడా కొన్ని గంటలే వెలుగుతుంది. చాలా లోపలికి వెళ్ళిన తరువాత అది మినుకుమినుకుమని ఆరిపోయింది.

ఆ మరుక్షణం నుండి ‘చిమ్మచీకటిగా ఉంది’ అన్న ఒక్క వాక్యమే మిగిలింది. గది వర్ణన లేదు, దారుల పేర్లు లేవు. పక్కనున్న సహచరుని పేరు కూడా ‘ఎవరో’ అని మాత్రమే వినిపిస్తోంది. మిగిలిన ముగ్గురూ కంగారుపడి తోచిన దిక్కుకల్లా కదిలి, గోడలకు కొట్టుకోసాగారు.

నాకు మాత్రం కొత్తగా చీకటి పడలేదు. వచ్చేటప్పుడు ప్రతి మలుపునూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అంధులకు సహజంగానే జ్ఞాపకశక్తి ఎక్కువ అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. అవసరం నేర్పిన అలవాటు. “కదలకండి. నేను చెప్పినట్లు ఒక్కొక్క అడుగే వేయండి” అని రాశాను. లెక్కను వెనుకనుండి ముందుకు తిప్పి చెప్పుకుంటూ పోయాను. పద్నాలుగవ అడుగుకు చెత్త కుప్పల వర్ణన వచ్చింది. నలుగురం పైకి వచ్చాము.

“పటం చూస్తూ చెప్పారా?” అని ఒకరు అడిగారు.

అవునంటే సరిపోయేది. చేతులు చాలాసేపు మీటల మీదనే ఉండిపోయాయి. చివరకు రాశాను: “నాకు పటం కనిపించదు. నేను అంధుణ్ణి.”

కొంతసేపు ఎవరూ ఏమీ రాయలేదు. ఇక జాలి మాటలు మొదలవుతాయని సిద్ధపడ్డాను. దీపం తెచ్చినవాడు రాసినది ఇది: “అయితే రేపటినుండి ముందు మీరే నడవండి.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిడ్‌గార్డ్‌లో చేసిన పని మా వీధిలో ఎందుకు చేయలేను? తెల్లవారగానే నా భార్యను కూర్చోబెట్టి, మా గేటు నుండి వీధి చివరి ఇడ్లీ కొట్టు దాకా ఏమేమి ఉన్నాయో వరుసగా చెప్పమన్నాను. గేటు దిగి కుడివైపు నలభై రెండు అడుగులు, కరెంటు స్తంభం. అక్కడినుండి కాలువ మీది రాతిపలక. ఆ తరువాత వేపచెట్టు. వారం రోజులు ఆమె చేయి పట్టుకునే నడిచాను, లెక్క మాత్రం నేను పెట్టుకున్నాను. తరువాత తెల్లకర్ర తెప్పించుకున్నాను.

ఆటకూ వీధికీ తేడా లేకపోలేదు. మిడ్‌గార్డ్‌లో గోడలు స్థానం మారవు. మా వీధిలో ఎవరో స్కూటరును దారికి అడ్డంగా నిలుపుతారు. మోకాలు చితికిన రోజులున్నాయి. అయినా మరుసటి సంవత్సరం బడికి తిరిగి వెళ్ళాను. పదవీ విరమణ దాకా పాఠాలు చెప్పాను. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు మిడ్‌గార్డ్‌కు వెళ్తూంటాను. కొత్తవారు ఎవరైనా ఆకలిగా ఉందంటే, రొట్టెల దుకాణానికి దారి చెబుతాను.

మొదటిసారి ఒంటరిగా బయలుదేరిన ఆ ఉదయం మాత్రం నేను మరువలేను. “నువ్వు రావద్దు” అని ఖండితంగా చెప్పి గేటు దిగాను. స్తంభం తగిలింది, రాతిపలక తగిలింది. ఇడ్లీల పొట్లం అందుకుని వెనక్కి తిరిగాను. వేపచెట్టు దగ్గర, సరిగ్గా పది అడుగుల దూరంలో, గాజుల చప్పుడు వినిపించింది. నేను ఆగితే అది ఆగింది. నడిస్తే నడిచింది.

ఇంటికి చేరేసరికి ఆమె నాకంటే ముందే లోపల ఉండి, “అప్పుడే వచ్చేశారా!” అన్నది, ఆయాసాన్ని దాచుకుంటూ. ఆ సంగతి ఆమె నేటిదాకా ఒప్పుకోలేదు. నేనూ అడగలేదు.