అల్లుడి కారులో అత్తగారు

ఫిబ్రవరి వచ్చిందంటే దోహాలో మా క్లినిక్ వరండాలో తెలుగు మాటలు ఎక్కువవుతాయి. పగలు 23, 24 డిగ్రీలు, సాయంత్రానికి పల్చటి శాలువా సరిపోయే చలి. మే దాటితే 40 పైన కాస్తుంది కనుక పిల్లలు అమ్మానాన్నల్ని ఈ రోజుల్లోనే పిలిపించుకుంటారు. సెలవు దొరికిన శుక్రవారం దేశమంతా చూపించేద్దామని కారు తీస్తారు. ఖతార్ చిన్న దేశం, పొడవు సుమారు 160 కిలోమీటర్లు. రోడ్లు నున్నగా ఉంటాయి. చిక్కంతా అక్కడే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లు సూర్యాపేట దగ్గర ఆగాలని బయల్దేరకముందే అనుకుంటారు. ఇక్కడ 'గంటన్నర దారేగా' అని ఆగడం సంగతే తలపెట్టరు.

ఓ శనివారం రాత్రి కాకినాడ వైపు నుంచి వచ్చిన పెద్దావిడను తీసుకొచ్చారు. డెబ్బైకి దగ్గరపడిన వయసు. ఆవిడ వేసుకునే బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉంది. పొద్దున్నే అది వేసుకుని బయల్దేరారు. ఉత్తరాన జుబారా కోట, అక్కణ్ణుంచి పడమటి తీరంలో జెక్రీత్, అన్నీ ఒక్కరోజులోనే. జెక్రీత్‌లో కారు దిగి నిలబడగానే కళ్లు తిరిగి కూలబడ్డారు. పడుకోబెట్టి చూస్తే బీపీ బాగానే ఉంది, నిలబెడితే బాగా పడిపోతోంది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"నీళ్ల బాటిళ్లు కారు నిండా ఉన్నాయి డాక్టర్ గారూ, అమ్మే వద్దంది" అంది కూతురు. ఆ అమ్మాయి మందుల కోసం బయటికి వెళ్లాక ఆవిడ గొంతు తగ్గించారు. "అల్లుడు గారు బండి నడుపుతున్నారు. బాత్రూంకని మాటిమాటికీ ఆపమని ఎలా అంటాం బాబూ? అందుకే తాగలేదు."

ఈ మాట నాకు కొత్త కాదు. ప్రోస్టేట్ పెరిగిన మామగార్లు కోడలి ముందు ఇలాగే బిగబట్టుకుని కూర్చుంటారు. వయసు మీదపడ్డాక దాహం వేయడమే తగ్గుతుంది, ఒంట్లో నీటిని పట్టి ఉంచే శక్తి మూత్రపిండాలకూ తగ్గుతుంది. చల్లటి వాతావరణంలో చెమట కనిపించదు కనుక ఎవరికీ అనుమానం రాదు. పైన నీళ్ల మాత్ర. ఆ మాత్రను ప్రయాణం రోజు ఇల్లు చేరాక వేసుకోవచ్చా అని మీ డాక్టర్‌ను ముందే అడగండి. చాలామందికి కుదురుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారు మాత్రం సొంతంగా మానేయకూడదు, నీళ్లూ చెప్పిన కొలత దాటకూడదు.

రెండో సంగతి తిండిది. కరీంనగర్‌లో పనిచేసి రిటైరైన ఒక పంతులు గారు షుగరుకు గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. ఓ శుక్రవారం పొద్దున్న రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, అల్ ఖోర్ పక్కన థఖీరా మడ అడవులు చూడడానికి వెళ్లారు. అల్ ఖోర్‌లో భోంచేద్దామని ప్లాను. జుమా నమాజు వేళకు షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. ఒంటిగంట దాటేసరికి షుగరు పడిపోయి ఆయన మాట తడబడింది. నిద్రమత్తు అనుకున్నారు. చేతులు వణకడం చూసి కోడలు పిల్లవాడి జ్యూస్ తాగించింది, అదే కాపాడింది. "ఆకలైతుందంటే పిల్లలు పరేషాన్ అయితరని ఊకున్న సార్" అన్నారాయన నాతో. ఈమధ్య రంజాన్ కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తోంది. ఆ రోజుల్లో పొద్దుగూకేదాకా హోటళ్లు చాలావరకు తెరవరు, బహిరంగంగా తినకూడదు. పులిహోర డబ్బా, పెరుగన్నం ఇంటి నుంచి కట్టుకెళ్లండి. రంజాన్‌లో అయితే పొద్దున్నే వెళ్లి భోజనం వేళకు ఇల్లు చేరండి. ఇన్సులిన్ ఉంటే కారులో వదలకండి. బయట 24 డిగ్రీలున్నా అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 40 దాటుతుంది.

సీలైన్ ఇసుక తిన్నెల మీద జీపు ఎగరడం గురించి ఒక్క ముక్క. ఎముకలు గుల్లబారిన వయసులో ఒక్క కుదుపుకే వెన్నుపూస నలిగిపోతుంది. అలాంటి ఎక్స్‌రేలు చూశాను. మనవల్ని ఎక్కనీయండి, నాయనమ్మ ఒడ్డున కుర్చీలో కూర్చుంటారు.

నన్నడిగితే ఒక రోజుకు ఒకే చోటు. జుబారా ఒక్కటే పూర్తి పూటకు సరిపోతుంది. 1938లో కట్టిన కోట, పక్కనే ముత్యాల వ్యాపారంతో వెలిగి ఇసుకలో కూరుకుపోయిన 18వ శతాబ్దపు పట్టణం. 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. జెక్రీత్ దగ్గర శిల్పి రిచర్డ్ సెర్రా నిలిపిన నాలుగు ఉక్కు పలకలు కిలోమీటరుకు పైగా పరుచుకుని ఉంటాయి. ఎడారిలో ఇనుప రేకులేమిటని మా అమ్మ నవ్వింది, నాకు మాత్రం అదే ఇష్టం. అన్ని పలకల దాకా నడవాలని లేదు, మోకాళ్లు అరిగినవారు మొదటిదాని నీడలో కూర్చుంటే చాలు. శమాల్ గాలి దుమ్ము లేపే రోజున ఆస్తమా ఉన్నవారు ఇంట్లోనే ఉండడం మేలు.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు మందుల చీటీ తప్పనిసరి. ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు, కొన్ని నిద్ర మాత్రలు ఇక్కడ కఠినమైన నియంత్రణలో ఉన్నాయి. పక్కింటివాళ్లు ఇచ్చిన మందుల పొట్లం ఏదైనా సరే తేవద్దు.

ఇక బండి నడిపే అల్లుళ్లకు, కొడుకులకు ఒక మాట. "ఆపమంటారా?" అని పెద్దవాళ్లను అడగకండి, వద్దనే అంటారు. గంటకోసారి పెట్రోల్ బంకు కనబడగానే "నాకు కరక్ చాయ్ తాగాలనుంది" అని మీరే ఆపండి. షుగరున్నవారికి చక్కెర లేకుండా చెప్పండి. బాత్రూం ఎటువైపో ముందు మీరు చూసిరండి.