నిలవని పదార్థం ఉందని ఎలా చెప్పాలి?



ఆదివారం తెలుగు తరగతిలో కెమిస్ట్రీ ఎందుకండీ, పద్యాలు, పండగలు చాలవా అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. మన బరంపురం పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. అమ్మమ్మతో మాట్లాడటానికి తప్ప తెలుగు దేనికీ పనికిరాదని వాళ్లు అనుకుంటే, అలా అనిపించేలా చేసింది మన పెద్దవాళ్లమే. అందుకే ఒక కష్టమైన సంగతిని తెలుగులోనే చెప్పి చూశాం. ప్లస్ టూ చదివే అమ్మాయి ఒకతె అడిగింది: "దాచలేని పదార్థం నిజంగా ఉందని ఎలా చెప్తారు?" జవాబు ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ఆ పదార్థం డైఆక్సిజన్ డైఫ్లోరైడ్. మధ్యలో రెండు ఆక్సిజన్ పరమాణువులు, చెరో చివర ఒక ఫ్లోరిన్. 1933లో జర్మనీలో ఓటో రుఫ్, మెంజెల్ దీన్ని తయారు చేశారు. రెండు వాయువుల్నీ సమంగా కలిపి, పీడనం బాగా తగ్గించి, ద్రవ నైట్రోజన్ అంత చలిలో పెట్టిన పాత్రలో రెండు వేల వోల్టులకు పైగా విద్యుత్తు పంపితే, గోడలకి నారింజ రంగులో పేరుకుంటుంది. మైనస్ 160 డిగ్రీల దగ్గర కూడా రోజుకి నూటికి నాలుగు వంతులు విడిపోతూ ఉంటుంది. మన ఇళ్లలో ఫ్రీజర్ మైనస్ 18!

ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో స్ట్రెంగ్ అనే ఆయన దీన్ని మీథేన్‌తో, ఆల్కహాల్‌తో, క్లోరిన్‌తో, ఇంకా ఎన్నింటితోనో కలిపి చూసి, 1963లో వ్యాసం అచ్చువేశారు. చాలాచోట్ల ఫలితం మంటో, పేలుడో. ఆయనకి ఇన్సూరెన్స్ ఎవరిచ్చారో అని మేం నవ్వుకున్నాం గానీ, అంత ఓపిక మాకైతే లేదు.

ఇక సాక్ష్యం సంగతి. మొదటిది లెక్క. మెల్లగా వేడెక్కనిచ్చి, విడిపోయిన ఆక్సిజన్ ఎంత, ఫ్లోరిన్ ఎంత అని కొలుస్తారు. సమానంగా వస్తే సూత్రం కుదిరినట్టే. రెండోది, 1960ల మొదట్లో మైక్రోవేవ్ వర్ణపటంతో అణువు ఆకారాన్నే కొలిచారు. ఆక్సిజన్‌ల మధ్య దూరం 1.22 ఆంగ్‌స్ట్రామ్‌లు. మనం పీల్చే ఆక్సిజన్‌లో ఉన్నది 1.21. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అయితే 1.47 దాకా ఉంటుంది. ఫ్లోరిన్ బంధాలు మాత్రం 1.58, చాలా పొడుగు. అంటే ఇది ఇంచుమించు మామూలు ఆక్సిజన్ అణువే, ఫ్లోరిన్లు వదులుగా వేలాడుతున్నాయి. ఎందుకు నిలవదో ఈ కొలతలే చెప్తాయి.

లెక్క ఒక్కటే చాలదని తెలిసింది దీని అన్నదమ్ముల దగ్గర. మూడు ఆక్సిజన్‌లు, రెండు ఫ్లోరిన్లు ఉన్న పదార్థం ఒకటుందని 1938 నుంచీ నమ్మారు. దానికి పేరుంది, కరిగే ఉష్ణోగ్రత కూడా ఉంది. 1960ల్లో ఎన్‌ఎంఆర్‌తో చూస్తే అది ఒకే పదార్థం కాదని తేలింది. పిల్లలచేత బోర్డు మీద ఒక కూడిక చేయించాం. రెండు ఆక్సిజన్‌లది ఒక అణువు, నాలుగు ఆక్సిజన్‌లది ఒక అణువు. కలిపితే ఆక్సిజన్‌లు ఆరు, ఫ్లోరిన్లు నాలుగు. నిష్పత్తి మూడుకి రెండు! మిశ్రమానికీ అదే లెక్క వస్తుంది, తక్కెడ ఏం పట్టుకుంటుంది?

1966లో స్ట్రెంగ్, గ్రోసే ఐదు, ఆరు ఆక్సిజన్‌ల పదార్థాలు కూడా చేశామని ప్రకటించారు. వాయువులో ఆక్సిజన్ పాలు పెంచుతూ చేసిన పని అది. మా మటుకు మేం ఆరు ఆక్సిజన్‌ల గొలుసుని బోర్డు మీద గీయలేదు. పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాం.

ఇంతకీ దీనివల్ల ఉపయోగం ఏమిటని పెద్దలు అడుగుతారు. ప్లుటోనియాన్ని హెక్సాఫ్లోరైడ్ వాయువుగా మార్చాలంటే ఫ్లోరిన్‌తో బాగా వేడి చెయ్యాలి. 1980ల్లో అమెరికా పరిశోధకులు డైఆక్సిజన్ డైఫ్లోరైడ్‌తో ఆ పని గది ఉష్ణోగ్రతలోనూ, అంతకంటే చలిలోనూ జరుగుతుందని చూపించారు. ఫ్లోరిన్లు అంత వదులుగా ఉండబట్టే కదా.