మా యింటి గ్రామఫోను ప్లేట్లు

ఈ సంచికకు ఏదైన వ్రాసి పంపుడని సంపాదకవర్గమువారు కోరినపుడు, ఇటీవల మేమేమి చేయుచున్నామని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. పాత గ్రామఫోను ప్లేట్లు వినుచున్నాము. అంతకు మించి చెప్పుకొనదగిన పని యేదియు మాకు కనబడలేదు. కావున మేము వినిన ప్లేట్లను గూర్చియు, ఆ వినుటలో మేము చేసిన యొక తప్పును గూర్చియు చదువరులకు విన్నవించుచున్నాము.

మా యింట రెండు యంత్రములు గలవు. ఒకటి మా తండ్రిగారి నాటిది. ప్రక్కనున్న కీ త్రిప్పినచో లోపలి స్ప్రింగు బిగిసి, ప్లేటును నిమిషమునకు 78 చుట్లు త్రిప్పును. దానిపై పెట్టు ప్లేట్లు లక్కతో చేసినవి. మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు కూర్చిన లక్కను కరగించి, రాతిపొడియు మసియు కలిపి వానిని అచ్చొత్తుచుండిరి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని పాడిన పాటలు జర్మనీ దేశమందలి హానోవరు నగరమున ప్లేట్లుగా అచ్చుపడి మరల మన దేశమునకు వచ్చినవి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. మన యడవులలోని పురుగు చేసిన లక్క ఓడలెక్కి సముద్రములు దాటిపోయి, పాటయై తిరిగి వచ్చుచుండెనని తలంచినపుడెల్ల మాకు వింతగా నుండును.

పది అంగుళముల లక్కప్లేటు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడును. ఎంత గొప్ప విద్వాంసుడైనను తన విద్యను ఆ మూడు నిమిషములలో నిముడ్చవలసినదే. ఇంకొక సంగతి గలదు. ఉక్కుముల్లు ప్లేటు గాడిలో బరువుగా ఆనుచు పోవును. అందుచేత ముల్లును అరుగును, ప్లేటును అరుగును. ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క క్రొత్త ముల్లు వేయవలెనను నియమము అందుకే యేర్పడినది. అనగా, మనము పాట వినిన ప్రతిమారును ఆ పాట ఇంచుక తరుగుచుండును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక; మా కథ యంతయు దీనిపైననే నిలిచియున్నది.

రెండవ యంత్రము విద్యుచ్ఛక్తితో నడచునది. 1948లో అమెరికా దేశమందలి కొలంబియా కంపెనీవారు వినైలు అను పదార్థముతో చేసిన పెద్ద ప్లేటును వెలువరించిరి. అది నిమిషమునకు 33 చిల్లర చుట్లు మాత్రమే తిరుగును. ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాడును. చేయి జారినను లక్కప్లేటువలె ముక్కలు కాదు. దీనిపై నడచు ముల్లు వజ్రపుది. కొన్ని గ్రాముల బరువుతో మాత్రమే యానును.

ఈ వర్షకాలమున మేము తరచుగా వినిన వినైలు ప్లేట్లు రెండు. మొదటిది మేరియన్ ఆండర్సన్ గారి భక్తిగీతములు. ఆఫ్రికానుండి బలాత్కారముగా తేబడి, అమెరికాలో బానిసలై మ్రగ్గినవారు పొలములలోను గుడిసెలలోను కూర్చుకొనిన పాటలివి. మిషనులో పనిచేసిన యొక ఉపాధ్యాయిని స్వదేశమునకు పోవుచు దీనిని మాకొసగిరి. గాయని నల్లజాతి స్త్రీ యైనందున వాషింగ్టను నగరమున ఒక గొప్ప మందిరమువారు ఆమె కచేరీకి తావీయమనిరి. ఆమె 1939 ఏప్రిల్ 9వ తేదీన, ఈస్టరు ఆదివారమునాడు, లింకను స్మారకమందిరపు మెట్లపై బయలున నిలిచి పాడెను. సుమారు 75,000 మంది వినిరి. ప్లేటు వినునపుడు ఆమె కంఠమున కోపము మాకెచ్చటను వినబడలేదు. లోతు మాత్రము వినబడినది.

రెండవది ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన భగవద్గీత. ఇది ఆయన తుదికాలపు కృషి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆయన గతించిరి. మేము క్రైస్తవగృహమున పెరిగినవారమైనను, తెలుగు తాత్పర్యమును ఆయన పలికిన తీరు వినుటకై దీనిని పెట్టుచుందుము. ఒక్క యక్షరమైనను నలిగిపోదు. వ్యాసము చదువుమన్నచో పరుగులెత్తు విద్యార్థులకు దీనిని వినిపింపవలెనని మా కోరిక.

ఇక మా తప్పు చెప్పవలెను.

మా తండ్రిగారు వివాహమైన క్రొత్తలో బెజవాడనుండి ఒక లక్కప్లేటు తెచ్చిరి. అది ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు. చూపు మందగించిన ఆ మహనీయుడు 1919లో విజయనగరపు సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరవచ్చి, ఆచార్యుడుగా నియమింపబడెననియు, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెననియు మా తండ్రిగారు మాకు చిన్నతనముననే చెప్పియుండిరి. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట వారు కీ త్రిప్పుదురు. మా తల్లిగారు వంటయింటి గడపపై కూర్చుండి విందురు. మా యింట సంగీతమనగా అదియే.

తండ్రిగారు గతించిన పిమ్మట ప్లేట్లు మా చేతికి వచ్చినవి. మేము వానిని బట్టలో చుట్టి, పెట్టెలో పెట్టి, తాళము వేసితిమి. కొన్నాళ్లకు మా తల్లిగారు, "నాయనా, మీ నాన్నగారి ఫిడేలు ప్లేటు ఒక్కమారు పెట్టెదవా?" అని యడిగిరి. "ముండ్లు దొరకుట లేదమ్మా. ఊరక పెట్టినచో ప్లేటు అరిగిపోవును. క్రిస్మసునకు పెట్టుదము" అంటిమి. క్రిస్మసు వచ్చెను, పోయెను. మరుసటి యేడు మరల నడిగిరి. మరల నదే యుత్తరము. మూడవమారును అడిగిరి. ఆ మీదట అడుగుట మానిరి. ఆమె మరచిపోయిరని మేము తలంచితిమి. పోనిమ్ము, ప్లేటు భద్రముగా నున్నదని సంతోషించితిమి కూడ.

ఆమె మరువలేదు. ఒకనాడు వాకిట పాలవాడు గట్టిగా కేకవేయుచుండగా, నాలుగడుగుల దూరమున కూర్చున్న మా తల్లిగారు తల త్రిప్పలేదు. అప్పుడు గాని ఆమె వినికిడి తగ్గినదని మాకు తెలియలేదు. వైద్యుని యొద్దకు కొనిపోతిమి. చెవికి పెట్టు యంత్రము నిచ్చిరి. దానితో మాటలు తెలియును గాని, సంగీతము మాత్రము రేకుడబ్బాలో గులకరాళ్లు వేసినట్లున్నదని ఆమె దానిని తీసివేయుదురు.

ఆ సాయంకాలమే పెట్టె తాళము తీసితిమి. క్రొత్త ముల్లు వేసి, ప్లేటు పెట్టి, ఆమె కుర్చీని యంత్రమున కానించితిమి. ప్లేటు చక్కగా నుండెను, గీటైనను పడలేదు. మేము దాచినది దాచినట్లే యుండెను. ఆమె కొంతసేపు చెవియొగ్గి విని, "మృదంగము వినబడుచున్నది నాయనా, ఫిడేలెక్కడ?" అనిరి.

వార్ధక్యమున చెవి మొదట హెచ్చుస్థాయి నాదములను కోల్పోవును. తగ్గుస్థాయివి కొంతకాలము నిలుచును. ఈ శాస్త్రవిషయమును మేము తరగతిలో పలుమార్లు బోధించియుంటిమి. బోధించినది మా యింటనే జరుగుచుండగా గ్రహింపలేకపోతిమి.

మేము ప్లేటు తీయబోగా ఆమె చేయడ్డుపెట్టి, "ఉండనిమ్ము, రెండవప్రక్కయు పెట్టుము" అనిరి. నాటినుండి ప్రతి సాయంకాలమును పెట్టుచున్నాము. ఆమె కుర్చీచేతిపై వ్రేళ్లతో తాళము వేయుదురు. మృదంగము ఆగి ఫిడేలు మాత్రమే సాగు చోట, ఆమెకు ఏమియు వినబడని ఆ కొన్ని క్షణములలో, వ్రేలెత్తి పట్టుకొందురు. మృదంగము మరల నందుకొను సమయమునకు సరిగా దించుదురు. ఒక్కనాడును తప్పలేదు. ఆ ఫిడేలు ఆమె లోపల ఇంకను మ్రోగుచున్నదని మేమెరుగుదుము. అయినను అది మాకు పూర్తి యోదార్పు కాలేదు. చెవులు బాగున్న యేండ్లలో ఆమె అడిగినది ఆరు నిమిషములు మాత్రమే.

ఇప్పుడు శనివారములందు వసతిగృహపు బాలురు కొందరు మా యింటికి వచ్చి ప్లేట్లు వినుచున్నారు. గాడిని తాకక అంచులతో పట్టుకొనుట వారికి నేర్పితిమి. అయినను నెల క్రిందట ఒక బాలుని చేతినుండి టంగుటూరి సూర్యకుమారిగారు పాడిన "మా తెలుగు తల్లికి" ప్లేటు జారి మూడు ముక్కలయ్యెను. శంకరంబాడి సుందరాచారిగారి ఆ గీతము 1975లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనదని అప్పుడే వారికి చెప్పుచుంటిమి. బాలుడు వెలవెలబోయి ఏడ్వసాగెను. పూర్వమైనచో మేమేమి యనియుందుమో మాకు తెలియును. ఆనాడు మాత్రము, "నాయనా, నీ చేతిలో పగులుటకు ముందు దీనిని పదునొకండుగురు వినిరి. నా పెట్టెలో నున్నన్నాళ్లు ఒక్కడును వినలేదు" అంటిమి.

ఈ పాటలలో ననేకము నేడు చేతిలోని ఫోనులోనే దొరకునుగదా, ఈ శ్రమయెందుకని కొందరు బాలురడిగిరి. నిజమే, పగిలిన పాటను ఆ రాత్రియే వారు ఫోనులో మాకు వినిపించిరి. పాటకు ప్రతి దొరకును. వినవలసినవారికి ప్రతి దొరకదు.

తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథను మేము ప్రార్థనకూటములలో ఎన్నిమారులు చెప్పితిమో లెక్కలేదు. వాడు సోమరియని మాత్రమే చెప్పుచుంటిమి. వాడు జాగ్రత్తపరుడనియు, ఆ జాగ్రత్తయే వాని దోషమనియు మాకిప్పుడు తెలిసినది.

ప్రియ విద్యార్థులారా! మీ యింట పెద్దలెవరైన ఏదేని యొక పాట వినవలెననిగాని, ఒక యుత్తరము చదివి వినిపింపుమనిగాని, ఒక యూరు చూడవలెననిగాని కోరినచో, పండుగ రానిమ్మనకుడు. మా ఫిడేలు ప్లేటు ఈ నాలుగు నెలలలో కొంత యరిగినది. సన్నని రొద బయలుదేరినది. ముండ్లు ఇంకను రెండు డజనులు గలవు. అవి యైపోవువరకు పెట్టుదుము.